ఊరికొక్క వద్దు

మా హార్లో ఊళ్ళో హాలిస్ ఫార్నమ్ అని ఒక పెద్దమనిషి ఉండేవాడు. ఊరి సభలో ఏ తీర్మానం పెట్టినా 'వద్దు' అనడం ఆయన అలవాటు. ఏ తీర్మానమైనా అన్నానంటే మాటవరసకి అనడం లేదు. రోడ్డు మరమ్మతు వద్దు. బడికి కొత్త కప్పు వద్దు. మంచు తోసే బండికి చక్రాలు వద్దు. మధ్యాహ్నం భోజనం వండిన ఆడవాళ్ళకి ధన్యవాదాలు చెబుదామంటే అదీ వద్దు. ఇక భోజనానికి లేద్దామని ఎవరైనా ప్రతిపాదిస్తే దానికీ వద్దని, అందరికంటే ముందు పళ్ళెం పుచ్చుకుని వరసలో నిలబడేవాడు.

అమెరికాలో, వెర్మాంట్ కొండల్లో మా పద్ధతి ఇది. ఏటా మార్చి మొదటి మంగళవారం ఊరు ఊరంతా టౌన్ హాల్లో మడత కుర్చీల మీద కూర్చుని ఆ ఏటి పనులు తేల్చుకుంటుంది. సభాధ్యక్షుడు వారెన్ ఒక్కొక్క అంశం చదివి, "ఇష్టమున్నవాళ్ళు సరే అనండి" అంటాడు. నూటయాభై గొంతులు సరే అంటాయి. "లేనివాళ్ళు?" అంటాడు. వెనకవరసలో పొయ్యి పక్కనుంచి బొంగురుగొంతు ఒకటి "వద్దు" అంటుంది. నేను ఆ ఊరి క్లర్కుని, పేరు లొరేన్. ఇరవై ఆరేళ్ళు సభలో తేలిందంతా మినిట్స్ పుస్తకంలో రాశాను. నాకు కుదురుగా ఒకచోట కూర్చోవడం పుట్టుకతో రాలేదు, పెన్సిలు కొరకడం మాత్రం వచ్చింది. అందుకని సభ ముందురోజే ప్రతి అంశం పక్కనా "వద్దు: ఒకటి" అని సిరాతో రాసిపెట్టేసుకునేదాన్ని. చాలా ఏళ్ళదాకా ఒక్కసారి కూడా కొట్టెయ్యాల్సిన పని పడలేదు.

ఒక ఏడు వంతెనకి కమ్మీలు వేయించాలని హాలిసే తీర్మానం పెట్టాడు. ఆయనే లేచి పావుగంట వాదించాడు. పిల్లలు పడతారన్నాడు, ఆవులు పడతాయన్నాడు, తాగినవాళ్ళు ఎలాగూ పడతారన్నాడు. ఓటుకొచ్చేసరికి అందరూ సరే అన్నారు, ఆయన వద్దన్నాడు.

"హాలిస్, అది నువ్వు పెట్టిందేనయ్యా," అన్నాడు వారెన్.

"తెలుసు. మంచి తీర్మానం."

"మరి వద్దంటావేం?"

"మరీ సులువుగా నెగ్గిపోతోంది."

పెళ్ళిళ్ళలో ఇంకో తంటా. ఈ పెళ్ళికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండని మా పాస్టరు అడగాలి కదా. ఆ మాట అనగానే గుడిలో ఉన్న తలలన్నీ హాలిస్ వైపు తిరిగేవి. ఒకసారి పెళ్ళికూతురు కూడా ముసుగు ఎత్తి మరీ చూసింది. హాలిస్ మాత్రం పైకప్పు చూస్తూ కూర్చునేవాడు. బయటికొచ్చాక అడిగితే, "అది ఓటు కాదు కదమ్మాయ్," అన్నాడు.

విచిత్రం ఏమిటంటే సభ గడప దాటితే ఆయన నోట ఆ మాట రాదు. ఎవరేం అడిగినా తలాడించడమే. ఆయన నిచ్చెన ఎక్కడుందో ఆయనే ఇల్లిల్లూ తిరిగి వెతుక్కునేవాడు. ఒక వసంతంలో ఇద్దరు ఒకే పూట ట్రాక్టరు అడిగితే ఇద్దరికీ సరేనన్నాడు. వాళ్ళిద్దరూ దాని దగ్గర పోట్లాడుకుంటుంటే ఆయన ముసలి గుర్రంతో తన పొలం దున్నుకున్నాడు.

ఇలా సరదాగా సాగిపోతున్న సంగతి పంతొమ్మిది వందల అరవై ఎనిమిది మార్చికి ముదిరి పాకాన పడింది. వియత్నాంలో యుద్ధం. మా చిన్న ఊరి నుంచే ముగ్గురు కుర్రాళ్ళు వెళ్ళారు. ఆ చలికాలం ఊళ్ళో ఒక్కరికీ కాలు నిలవలేదు. కాఫీకి కూర్చున్నవాళ్ళు తాగకుండానే లేచేవాళ్ళు. టపా బండి చప్పుడైతే ముగ్గురి ఇళ్ళ తలుపులూ ఒకేసారి తెరుచుకునేవి. ఎవరు ఎవరితో మాట్లాడినా అయిదో మాటకి యుద్ధం వచ్చేది, ఎనిమిదో మాటకి పోట్లాట వచ్చేది.

కొట్టు నడిపే బర్ట్ స్లేటన్‌కి కౌంటరు కింద ఒక రేడియో ఉండేది. దేశదేశాల మాటలు అందులో గురగురమంటూ వినపడేవి. సభకి పదిరోజుల ముందు ఆయన ఒక గుడ్డ చంకన పెట్టుకుని నా ఆఫీసుకొచ్చి బల్లమీద పరిచాడు. నాలుగు గజాల తెల్లగుడ్డ మీద ఎర్రటి అక్షరాలు. 'యుద్ధం గెలిచేదాకా హార్లో ఊరు ఏకగ్రీవంగా మీ వెనక ఉంది.'

"సభలో తీర్మానం చేసి ఇది వియత్నాంలో ఉన్న టిబో వాళ్ళ లూసియన్ దళానికి పంపుదాం," అన్నాడు.

"ఏకగ్రీవంగా అని అప్పుడే అచ్చు వేయించేశావా?"

"అందుకే వచ్చాను. హాలిస్‌ని ఆ పూట ఇంట్లో ఉంచే ఉపాయం చెప్పు. జలుబు చెయ్యాలి, లేకపోతే ఆవు ఈనాలి."

"ఆవుతో నేను మాట్లాడలేను బర్ట్."

"నవ్వులాట కాదు లొరేన్. ఇక్కడ యుద్ధం ఆపమని ఎవడు ఊరేగింపు తీసినా, ఎవడు వద్దన్నా శత్రువు రేడియోలో చెప్పుకుని పండగ చేసుకుంటున్నాడు. నా చెవులతో విన్నాను."

"హాలిస్ పేరు చెప్పారా?"

"ఇంకా చెప్పలేదు," అన్నాడు బర్ట్, చాలా గంభీరంగా.

నాకు నవ్వొచ్చింది గాని బర్ట్ మొహం చూసి మింగేశాను. ఆయన చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే నా పని తేలికయ్యేది.

మర్నాడు లూసియన్ తల్లి అడెల్ టిబో వచ్చింది, కుక్కకి లైసెన్సు కట్టడానికి. బడి వంటింట్లో పనిచేస్తుంది, సభ రోజు మాకందరికీ బీన్స్ వండేదీ ఆవిడే. కుక్క లూసియన్‌ది. లైసెన్సు కాగితం చేతికిచ్చినా ఆవిడ కదల్లేదు. కాగితాన్ని మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

"లొరేన్, సభలో ఎవరేమన్నారో పేరుతో రాస్తావా?"

"పేర్లు ఉండవు. లెక్కే రాస్తాను."

"కాని అందరికీ వినపడుతుంది కదా."

"ఏం వినపడుతుంది అడెల్?"

ఆవిడ తలుపు వైపు చూసింది. "నా కొడుకు ఇంటికి రావాలి. గెలిచేదాకా కాదు, ఇప్పుడు. వాడి పేరు చెప్పి బర్ట్ ఆ తీర్మానం చదువుతుంటే నేను సరే అనలేను. వద్దన్నాననుకో, వాడి మీద తుపాకీ పేల్చేవాళ్ళకి బలం ఇచ్చినట్టేనని అంటున్నారు. నిజమేనంటావా?"

తెలీదన్నాను. ఆవిడ కాగితం మడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆ వారమంతా నేను ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరుగుతూనే ఉన్నాను. మా ఆయన విసిగి, "కూర్చోవే, చాప అరిగిపోతోంది," అన్నాడు.

మంగళవారం పొద్దున బయట మోకాలిలోతు బురద, లోపల తడి బూట్ల వాసన. హాలిస్‌కి జలుబు చెయ్యలేదు, ఆవు ఈనలేదు. మొదటి ఎనిమిది అంశాలకీ వద్దన్నాడు. తొమ్మిదో అంశానికి బర్ట్ లేచి ఆ గుడ్డ విప్పి, ఇద్దరిచేత పట్టించాడు. అరిచి ఉపన్యాసం దంచుతాడనుకున్నాం. మామూలు గొంతుతోనే చెప్పాడు.

"మా తమ్ముడు కొరియాలో ఉన్నప్పుడు ఇక్కడ పేపర్లు ఆ యుద్ధం మనకెందుకని రాస్తుండేవి. వాడు ఉత్తరంలో అడిగాడు, అన్నా, మమ్మల్ని మర్చిపోయారా అని. దానికి నేను జవాబు రాశాను. అది అందేలోపు వాడు పోయాడు. ఇంకొక పిల్లాడు ఆ ప్రశ్న అడక్కూడదు. అంతే నేను కోరేది. హాలిస్, ఈ ఒక్కసారికి నీ నోరు కట్టుకో. నీకు దణ్ణం పెడతాను."

హాలిస్ మెల్లిగా లేచాడు.

"మీ తమ్ముడు మంచివాడు బర్ట్. వాడికి ఈత నేర్పింది నేనే. నువ్వు చెప్పినదాంట్లో అబద్ధం లేదు."

"అయితే సరేనా?"

"కాదు. గుడ్డ పంపు, ఉత్తరాలు పంపు, మేజోళ్ళు పంపు. అందరం ఒకే మాట మీద ఉన్నామని మాత్రం పంపకు. లేం కనక." అని కూర్చున్నాడు.

"శత్రువు వింటున్నాడయ్యా," అని ఎవరో అన్నారు.

"వింటే విననీ. ఇందాకటి ఎనిమిదింటికీ కూడా వద్దన్నానని వాడికి ఎవరైనా చెప్పండి, మంచు బండి చక్రాలకి కూడా పండగ చేసుకుంటాడు," అన్నాడు హాలిస్. కొందరు నవ్వారు, కొందరు పళ్ళు కొరికారు.

వారెన్ ఓటు పిలిచాడు. ఆ సరేకి కిటికీ అద్దాలు అదిరాయి. "లేనివాళ్ళు?" అన్నాడు.

"వద్దు," అన్నాడు హాలిస్.

అది అయ్యీ కాకముందే ఇంకొకటి వినపడింది. చిన్నది, సన్నది, కాని స్పష్టంగా.

"వద్దు."

నా బల్ల వంటింటి గోడకి ఆనుకుని ఉంటుంది. పళ్ళేలు అందించే కిటికీ నా మోచేతి పక్కనే. అందులో అడెల్ బీన్స్ గరిటె పట్టుకుని నిలబడి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ కిటికీ లోపలిభాగం నా కుర్చీలోంచి తప్ప ఇంకెవరికీ కనపడదు.

"ఎవరది?" బర్ట్ లేచాడు. "రెండోది ఎవరన్నారు? అధ్యక్షా, ఓటు మీద నాకు అనుమానం ఉంది. వద్దన్నవాళ్ళు లేచి నిలబడాలి."

అలా అడిగే హక్కు మా సభలో ప్రతివాడికీ ఉంది. వారెన్ చేసేదేమీ లేక సుత్తి కొట్టాడు. హాలిస్ ఎప్పుడో లేచి నిలబడ్డాడు.

"నీది తెలిసిందే, రెండోవాళ్ళెవరు?" అన్నాడు బర్ట్.

"రెండోది కూడా నాదే," అన్నాడు హాలిస్.

"అది ఆడగొంతు."

"డెబ్బై రెండేళ్ళు రానీ బర్ట్, నీ గొంతు నీ మాట ఎంత వింటుందో చూస్తాను."

"మనిషికి ఒక ఓటే హాలిస్," అన్నాడు వారెన్.

"ఇన్నేళ్ళ నుంచీ పాత ఖాతాదారుణ్ణి. ఒకటి కొసరు వెయ్యకూడదా?"

సభంతా గొల్లుమంది. బర్ట్ మీసాలు కూడా కదిలాయి. ఆ నవ్వులో అందరికీ ఊపిరి వచ్చింది. ముసలాయన మళ్ళీ వేషాలేశాడు, రెండోది లేదు, బీన్స్ చల్లారిపోతున్నాయి అనుకున్నారంతా. వారెన్ నావైపు తిరిగాడు.

"లొరేన్, పుస్తకంలో ఏముంది?"

పుస్తకంలో ముందురోజు సిరాతో రాసిన ఒకటి ఉంది. హాలిస్ నాకేసి చూశాడు. ఎవరినీ ఏమీ అడగని మనిషి, ఆ చూపుతో బతిమాలుతున్నాడు, అలాగే ఉండనీ అని. చెయ్యి కదపకపోతే చాలు, బర్ట్ సంతోషిస్తాడు, వారెన్ సంతోషిస్తాడు, అడెల్ ఇల్లు క్షేమంగా చేరుతుంది. నేను మోచేతి పక్కకి చూశాను. అడెల్ గరిటె కింద పెట్టేసింది. ఎడమచేతి రెండు వేళ్ళు కిటికీ చెక్క మీద ఆనించి నావైపే చూస్తోంది. ఆ వేళ్ళు మడవలేదు.

నేను ఒకటి కొట్టేసి రెండు రాశాను. "రెండు," అని పైకి చదివాను.

"ఎవరెవరు?" అన్నాడు బర్ట్.

"పేర్లు రాసే పద్ధతి లేదు బర్ట్. లెక్కే."

బర్ట్ జేబులోంచి కొట్టు కత్తెర తీశాడు. నూటయాభై మంది చూస్తుండగా గుడ్డలోంచి 'ఏకగ్రీవంగా' కత్తిరించాడు. కన్నం పడిన గుడ్డ మడత పెట్టి బయటికి నడిచాడు. ఆ మధ్యాహ్నం భోజనాల్లో ఉప్పు అందివ్వండన్న మాట తప్ప ఇంకో మాట పుట్టలేదు.

తిన్నాక హాలిస్ వంటింట్లోకొచ్చి తుడుపుగుడ్డ అందుకున్నాడు. అడెల్ కడుగుతోంది, ఆయన తుడుస్తున్నాడు, నేను పళ్ళేలు సర్దే వంకతో అటూ ఇటూ తిరుగుతున్నాను.

"నన్నెందుకు దాచబోయారు?" అంది అడెల్.

"దాక్కోవాలనుకున్నావేమోనని. బయటపడాలనుకుంటే నీ ఇష్టం. దాక్కునే చోటు మాత్రం ఒకటి ఉండాలి కదమ్మా."

"అసలీ వద్దులేమిటి హాలిస్?" అన్నాను నేను. ఇన్నేళ్ళకి అడిగాను, నా తెలివి అలాంటిది.

ఆయన ఒక పళ్ళెం తుడిచిందే తుడుస్తూ చెప్పాడు. పంతొమ్మిది వందల పద్దెనిమిది, మొదటి ప్రపంచయుద్ధం. ఆయనకి అదే మొదటి ఓటు. ఊళ్ళో లెంజ్ అనే జర్మన్ ఆయన బడిలో పిల్లలకి సంగీతం నేర్పేవాడు. హాలిస్‌కి బాకా ఊదడం నేర్పింది ఆయనే. జర్మనీలో పుట్టినవాడు మన బడిలో ఉండకూడదని తీర్మానం పెట్టారు.

"ఒక్కడు వద్దంటే నేనూ అందామని కూర్చున్నాను. ఎవడూ అనలేదు. ఏకగ్రీవం. ఆయన పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు నా పక్కన కూర్చున్నవాడు పదేళ్ళ తర్వాత చెప్పాడు, వాడూ అలాగే ఎదురుచూశాడట. వాడి పక్కవాడు కూడానట. ఇంకెంతమందో."

"అందుకని మంచు బండికి కూడానా?" అన్నాను.

"చలికాలంలో పంపు రోజూ కొట్టకపోతే గడ్డకట్టిపోతుంది కదా. కావలసిన రోజున ఎంత కొట్టినా నీళ్ళు రావు. మొదటి వద్దు బరువు అమ్మాయ్. అది నేను మోస్తే రెండోవాడికి తేలిక."

అడెల్ సబ్బు నురగలో చేతులు ఆపింది. "మరి వాళ్ళు చెప్పేది? శత్రువుకి బలం?"

"తెలీదమ్మా. తెలుసునని చెప్పేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. ఆ సభ అయిన మూడు నెలలకి నేను ఫ్రాన్సులో ఉన్నాను. హార్లోలో అందరూ సరే అన్నారు కదా అని జర్మన్లు నా మీద పేల్చడం మానలేదు. మా ఊళ్ళో లెంజ్ తరఫున ఒక్కడూ లేకపోయాడే అన్నది మాత్రం అక్కడ నేను దాక్కున్న గోతిలో నా పక్కనే కూర్చుంది." పళ్ళెం నా చేతికిచ్చాడు. "ఇది పగిలింది చూడు."

మే నెలలో లూసియన్ ఉత్తరం వచ్చింది. అడెల్ దాన్ని తిన్నగా బర్ట్ కొట్టుకి తీసుకొచ్చింది. నేను జున్ను కోసం వెళ్ళి అక్కడే ఉన్నాను. కౌంటరు ముందు నిలబడి పైకి చదివింది.

"'గుడ్డ అందింది. మధ్యలో కన్నం ఏమిటని మావాళ్ళు అడిగారు. ఎలకలు కొట్టాయనుకున్నారు. నేను చూడగానే నవ్వాను. హాలిస్ తాత బాగున్నాడన్నమాట, ఊరు ఊరులాగే ఉందన్నమాట. ఇక్కడ మేం పదకొండుమందిమి. ఆరుగురు ఈ యుద్ధం సబబే అంటారు, అయిదుగురు కాదంటారు. ఒకటే పోట్లాట. కాపలా వంతుకి మాత్రం ఒకరికోసం ఒకరం మేలుకుంటాం. మమ్మల్ని గుర్తుంచుకున్నందుకు బర్ట్ మావయ్యకి థాంక్స్ చెప్పు.' ఇంతే."

బర్ట్ కౌంటరు తుడిచాడు. తుడిచినచోటే మళ్ళీ తుడిచాడు.

"రెండో వద్దు నాది బర్ట్," అంది అడెల్.

"తెలుసు. ముసలాడికి ఆడగొంతు వచ్చిందంటే నమ్మడానికి నాకేమన్నా పిచ్చా? నాకు నచ్చలేదు."

"నచ్చాలని అనలేదు."

"ఇప్పటికీ నచ్చలేదు," అని బర్ట్ లోపలికెళ్ళి ఆరు జతల ఉన్ని మేజోళ్ళు తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. "అక్కడ తడి ఎక్కువట కదా, పంపు. వాణ్ణి పాదాలు ఆరబెట్టుకోమని రాయి."

లూసియన్ అక్టోబరులో వచ్చేశాడు. కుడిచెవి సరిగా వినపడదు, తక్కినవన్నీ ఉన్నాయి.

ఆ తర్వాతి మార్చి సభలో కుర్చీలకి మెత్తలు కొనాలా వద్దా అన్న అంశం వచ్చింది. బర్ట్ లేచి, మెత్తగా కూర్చోబెడితే ఈ ఊరు చీకటిపడేదాకా మాట్లాడుతుంది, వద్దన్నాడు. వంటింట్లోంచి అడెల్ చేతులు తుడుచుకుంటూ హాలు మధ్యకే వచ్చి నిలబడింది. మేం పొద్దుటినుంచీ నిలబడి వండుతుంటే మీకు మెత్తలు కావలసి వచ్చాయా, వద్దంది. ఏడాది కింద ఒకరి మొహం ఒకరు చూడలేని ఇద్దరూ అలా ఒకే పక్కన నిలబడేసరికి ఊరు రెండుగా చీలింది. అరగంట సేపు రెండువైపులా కేకలు.

వారెన్ విసిగిపోయి లేచి నిలబడమన్నాడు. "సరే అనేవాళ్ళు?"

లేచారు. పొయ్యి పక్కన, వెనకవరసలో, మోకాళ్ళ మీద చేతులు ఊని ఇంకొక మనిషి లేచాడు. వారెన్ లెక్కపెడుతూ ఆగిపోయాడు. హాలు మొత్తం వెనక్కి తిరిగింది.

"హాలిస్, ఇప్పుడు పిలిచింది సరేలని."

"విన్నాను. నాకు చెవులు బాగానే ఉన్నాయి."

ఆ మెత్తలు ఒక్క ఓటుతో నెగ్గాయి. వరసలో పళ్ళెం పుచ్చుకుని నిలబడ్డప్పుడు నేను పట్టుకున్నాను ఆయన్ని.

"ఏమిటీ వింత?"

"ఈసారి వద్దులు చాలినన్ని ఉన్నాయి కదమ్మాయ్," అన్నాడు హాలిస్ నడుము పట్టుకుని. "పైగా ఆ ఇనప కుర్చీ మీద యాభై ఏళ్ళు కూర్చున్నవాణ్ణి నేను. నా బాధ నీకేం తెలుసు, నువ్వెప్పుడైనా కుదురుగా కూర్చుంటే కదా."